ఐస్ క్లైంబింగ్ కి బ్యాగ్ కొంటున్నారా? లీటర్లు, పాకెట్లు చూసి కొనకండి

ఫోన్లు, ఇయర్ బడ్స్ గురించి రాసుకునే సైట్ లో బ్యాగ్ ఆర్టికల్ ఏంటి అనుకోవచ్చు. నెల క్రితం మా బాబాయి కొడుకు ఒక లింక్ పంపాడు. 70 లీటర్ల బ్యాగ్, 11 పాకెట్లు, రెయిన్ కవర్, యూఎస్‌బీ పోర్ట్ కూడా ఉంది. "అన్నయ్యా, స్పెక్స్ అదిరిపోయాయి కదా, బుక్ చేసేయనా?" అని మెసేజ్. వాడు వెళ్ళేది జనవరిలో స్పితి లోయకి, గడ్డకట్టిన జలపాతాల మీద ఐస్ క్లైంబింగ్ చేయటానికి. కొంచెం ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో ఫోన్ లో చెప్పేసరికి దాదాపు గంట పట్టింది. లద్దాఖ్, స్పితి, మనాలి వైపు శీతాకాలంలో వెళ్దాం అనుకునే వాళ్ళు మన రీడర్స్ లో కూడా ఉన్నారు కాబట్టి అదంతా ఇక్కడ పెడుతున్నాను.

నేను గైడ్ ని కాదు. బేసిక్ మౌంటెనీరింగ్ కోర్స్ చేశాను. ఆ తరువాత మూడు శీతాకాలాలు ఐస్ మీద, ఎక్కువసార్లు తాడు కింద చివర ఉండే సెకండ్ గా ఎక్కాను. సెకండ్ కి ఒక పని ఎక్కువ ఉంటుంది, బ్యాగ్ మోయటం. అందుకే బ్యాగ్ గురించి గట్టిగా మాట్లాడగలను :)

ముందు ఒక తేడా క్లియర్ చేసుకుందాం. మన వైపు మౌంటెనీరింగ్ అనగానే గుర్తొచ్చేది 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్. అది ఎక్స్‌పెడిషన్ స్టైల్. బేస్ క్యాంప్ వేసి, పైన ఒక్కో క్యాంప్ కి సామాన్లు చేరవేసి, ముందే కట్టి ఉంచిన తాళ్ళ వెంట ఎక్కుతారు. అక్కడ పెద్ద బ్యాగ్ కి పని ఉంది. ఆల్పైన్ స్టైల్ వేరు. ఇద్దరో ముగ్గురో, కావలసినవన్నీ తమ వీపు మీదే పెట్టుకుని, కింద నుండి పైకి ఒకే ప్రయత్నంలో వెళ్ళి వచ్చేయటం. పేరు యూరప్ లోని ఆల్ప్స్ పర్వతాల నుండి వచ్చింది. 2000 జూన్ లో మార్క్ ట్వైట్, స్కాట్ బ్యాక్స్, స్టీవ్ హౌస్ అనే ముగ్గురు అమెరికన్లు అలాస్కాలోని డెనాలి మీద స్లొవాక్ డైరెక్ట్ అనే చాలా కష్టమైన రూట్ ని టెంట్, స్లీపింగ్ బ్యాగులు లేకుండా 60 గంటల్లో ఎక్కేశారు. టెంట్ మోస్తే, టెంట్ వేసుకోవాల్సినంత స్లో అవుతాం అన్నది వీళ్ళ లాజిక్. మనలాంటి వాళ్ళు ఆ లెవెల్ లో చేయక్కర్లేదు. కాని ఆల్పైన్ బ్యాగులు ఇప్పుడు ఇలా ఎందుకు తయారవుతున్నాయో అర్థం కావాలంటే ఆ లాజిక్ తెలియాలి.

గోడ మీద బ్యాగ్ ఖాళీగా ఉంటుంది

షాప్ లో మనం బ్యాగ్ ని నింపి, వేసుకుని, అటూ ఇటూ నడిచి చూస్తాం. ట్రెకింగ్ బ్యాగ్ కి అది కరెక్ట్ టెస్ట్. ఐస్ బ్యాగ్ కి అది సగం టెస్ట్ మాత్రమే. ఎందుకో ఒక రోజు సామాన్ల లెక్కతో చెప్తాను.

ఉదయం చీకట్లో రోడ్ దగ్గర బయలుదేరేటప్పుడు బ్యాగ్ లో ఉండేవి ఇవీ. 60 మీటర్ల సన్న తాడు ఒకటి, సుమారు రెండున్నర కేజీలు. ఐస్ టూల్స్ రెండు, 1.2 కేజీలు. క్రాంపాన్స్, అంటే బూట్ల కింద కట్టుకునే ఇనప ముళ్ళు, ఒక కేజీకి కాస్త అటూ ఇటూ. పార్ట్నర్ తో పంచుకోగా మీ వాటా ఐస్ స్క్రూలు, క్యారబీనర్లు కలిపి రెండు కేజీల దాకా. హార్నెస్, హెల్మెట్ మరో 700 గ్రాములు. ఇవి కాక డౌన్ జాకెట్, రెండో జత గ్లవ్స్, ఫ్లాస్క్ లో వేడి నీళ్ళు, తిండి, హెడ్ ల్యాంప్, ఫస్ట్ ఎయిడ్. మొత్తం 10 నుండి 11 కేజీలు అవుతుంది.

ఇప్పుడు జలపాతం కిందకి వచ్చారు. హెల్మెట్ తల మీదకి వెళ్ళింది. హార్నెస్ నడుముకి, క్రాంపాన్స్ కాళ్ళకి, టూల్స్ చేతుల్లోకి, స్క్రూలు హార్నెస్ కి, తాడు ఇద్దరి మధ్యకి వెళ్ళిపోయాయి. బ్యాగ్ లో మిగిలింది జాకెట్, ఫ్లాస్క్, తిండి, చిన్న చిన్న వస్తువులు. మూడు కేజీలు, మహా అయితే నాలుగు. అంటే బ్యాగ్ నిండుగా ఉండేది మామూలుగా నడిచేటప్పుడు. నిట్టనిలువు ఐస్ మీద, నిజంగా కష్టమైన చోట, అది ముప్పావు వంతు ఖాళీ. అలా ఖాళీ అయిన 70 లీటర్ల బ్యాగ్ వీపు మీద గాలి తీసిన బెలూన్ లాగా వేలాడుతుంది. లోపల ఫ్లాస్క్ అడుగుకి జారిపోయి ప్రతి కదలికకి అటూ ఇటూ కొడుతుంది.

కాబట్టి కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇందులో ఎంత పడుతుంది" కాదు. "సగానికి పైగా ఖాళీ చేశాక ఇది ఎంత చిన్నగా అవుతుంది" అని. పక్కల ఉండే కంప్రెషన్ పట్టీలు లాగితే బ్యాగ్ పలచగా వీపుకి అతుక్కోవాలి. పై మూత ఊడి రావాలి. నడుము బెల్ట్ ఊడి రావాలి. లోపల ఉండే ఫ్రేమ్ షీట్ కూడా బయటకి తీయగలిగితే ఇంకా మంచిది. కొన్ని బ్యాగుల్లో ఆ షీట్ మడతపెట్టిన ఫోమ్ ముక్క. ఆగినచోట దాన్ని తీసి మంచు మీద వేసుకుని కూర్చోవచ్చు. ఒకే బ్యాగ్ నడిచేటప్పుడు పెద్దది, ఎక్కేటప్పుడు చిన్నది అవ్వాలి, అంతే.

బరువు గురించి చిన్న ఫిజిక్స్

"ఒక కేజీ ఎక్కువైతే ఎనర్జీ ఎంత పోతుందిలే" అని మా వాడు అడిగాడు. లెక్క వేద్దాం. ఒక కేజీని 1000 మీటర్లు పైకి తీసుకెళ్ళటానికి కావలసిన పని సుమారు 9,800 జౌళ్ళు. మన కండరాలు నాలుగో వంతు సామర్థ్యంతో పని చేస్తాయి అనుకున్నా 10 కిలో కేలరీల లోపే. ఒక గ్లూకోజ్ బిస్కెట్ లో సగం. అంటే వాడు చెప్పింది కరెక్టే, ఎనర్జీ పెద్ద విషయం కాదు!

విషయం చేతుల్లో ఉంది. నిలువు ఐస్ మీద మీరు నిలబడేది క్రాంపాన్ల ముందు ముళ్ళ మీద. చేతులు దాదాపు 1.8 మీటర్ల పైన టూల్స్ పట్టుకుని ఉంటాయి. వీపు మీద ఉన్న బ్యాగ్ బరువు కేంద్రం గోడకి ఓ 45 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. అది మిమ్మల్ని వెనక్కి తిప్పాలని చూస్తుంటుంది, చేతులు ముందుకి లాగి ఆపాలి. 10 కేజీల బ్యాగ్ అయితే 10 ని 0.45 తో గుణించి 1.8 తో భాగించండి. 2.5 కేజీల లాగుడు, అది కూడా ప్రతి సెకండ్, మీ బరువుని పట్టుకునే పనికి అదనంగా. అదే బ్యాగ్ లావుగా ఉబ్బి బరువు 60 సెంటీమీటర్లు వెనక్కి జరిగిందంటే లాగుడు 3.3 కేజీలు. బరువు ఒక్క గ్రాము కూడా పెరగలేదు, షేప్ మారిందంతే. మూడు కేజీల పలచని బ్యాగ్ తో ఇది ముప్పావు కేజీకి దిగుతుంది. ఐస్ మీద ముందు అలిసిపోయేది ముంజేతులు. అవి పట్టు వదిలేస్తే వేళ్ళు మూసుకోవు, స్క్రూ తిప్పలేరు.

అందుకని వెనక పెద్ద పాకెట్ ఉబ్బి ఉండే బ్యాగులు చూడగానే పక్కన పెట్టేయండి. సన్నగా, పొడుగ్గా, భుజాల వెడల్పు దాటకుండా ఉండాలి. మోచేతులు వెనక్కి వెళ్ళి టూల్ విసరాలి కదా.

మరి ఎన్ని లీటర్లు?

సైజు తెలియాలంటే మన ఇళ్ళల్లో ఉండే 25 కేజీల బియ్యం బస్తా గుర్తు తెచ్చుకోండి. అది సుమారు 30 లీటర్ల చోటు తీసుకుంటుంది. రోడ్ నుండి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ఐస్ క్లైంబింగ్ కి 30 నుండి 40 లీటర్లు సరిపోతాయి. తాడు పైన కట్టుకుంటే 30 చాలు, లోపల పెట్టుకుంటాను అంటే 40. ఒక రాత్రి పైన ఉండాల్సిన ఆల్పైన్ రూట్లకి 40 నుండి 45. మనాలి దగ్గర 5,289 మీటర్ల ఫ్రెండ్‌షిప్ పీక్ లాంటి, క్యాంపులు వేసుకుంటూ వెళ్ళే వాటికి మాత్రం 55, 60 కావాలి. కాని అది వేరే రకం పని.

కంపెనీలు చెప్పే లీటర్లని పోల్చేటప్పుడు జాగ్రత్త. బ్యాగ్ కెపాసిటీ కొలవటానికి చిన్న ప్లాస్టిక్ బంతులతో నింపి కొలిచే స్టాండర్డ్ ఒకటి ఉంది. కాని ఒకరు మెయిన్ భాగం మాత్రమే లెక్కేస్తారు, ఇంకొకరు మూత పాకెట్, వెనక పాకెట్ అన్నీ కలిపి చెప్తారు. కెమెరా మెగాపిక్సెల్స్ గోల లాంటిదే. మీ సామాన్లు తీసుకెళ్ళి పెట్టి చూడటమే అసలు కొలత.

హెల్మెట్ పెట్టుకుని పైకి చూడండి

ఇది ఒక్కటి గుర్తు పెట్టుకున్నా ఆర్టికల్ చదివినందుకు ఉపయోగం ఉన్నట్టే. షాప్ కి వెళ్ళేటప్పుడు హెల్మెట్, హార్నెస్ తీసుకెళ్ళండి. క్లైంబింగ్ హెల్మెట్ లేకపోతే సైకిల్ ది అయినా పర్లేదు. బ్యాగ్ నింపి వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని తల బాగా పైకెత్తండి. చాలా ట్రెకింగ్ బ్యాగుల పై మూత హెల్మెట్ వెనక అంచుకి తగులుతుంది. హెల్మెట్ ముందుకి జారి కళ్ళ మీద పడుతుంది. నడిచేటప్పుడు ఇది చిరాకు. ఐస్ మీద మాత్రం పై నుండి మీ పార్ట్నర్ "ఐస్!" అని అరిచినప్పుడు ముక్క ఎటు వస్తుందో చూడలేకపోవటం.

తరువాత హార్నెస్. నడుము బెల్ట్ లో మందంగా ఫోమ్ ఉంటే అది సరిగ్గా హార్నెస్ గేర్ లూపుల మీద కూర్చుంటుంది. ఐస్ స్క్రూ తీయాలంటే బెల్ట్ కింద చేయి పెట్టి వెతుక్కోవాలి. ఆల్పైన్ బ్యాగుల్లో బెల్ట్ ఉత్త పట్టీలా ఎందుకు ఉంటుందో, ఎందుకు ఊడి వస్తుందో ఇదే కారణం. 10 కేజీల లోపు అయితే మెత్తని బెల్ట్ లేకపోయినా నడిచేయవచ్చు. 15 దాటితే కావాలి.

టూల్స్ తగిలించటం

సైట్లలో ఫోటో చూసి "ఐస్ యాక్స్ లూప్ ఉంది" అని సంతోషపడిపోతారు. మామూలు ట్రెకింగ్ బ్యాగ్ కి కూడా కింద రెండు లూపులు ఉంటాయి. అవి పాత కాలం నిటారు కర్ర గొడ్డలి కోసం. కర్రని లూప్ లో నుండి కిందకి దించి, తిప్పి పైకి కడితే, తల వెడల్పుగా ఉంటుంది కాబట్టి లూప్ లో ఆగుతుంది. ఇప్పటి ఐస్ టూల్స్ వంకరగా ఉంటాయి. చాలా వాటికి తల వెనక సుత్తి, పార లాంటివి ఉండవు. ఆ లూప్ లో నుండి జారిపోతాయి. అందుకే ఆల్పైన్ బ్యాగుల్లో ఇంకో పద్ధతి వచ్చింది. టూల్ తలలో ఉండే రంధ్రంలో నుండి చిన్న మెటల్ పుల్ల దూర్చి అడ్డం తిప్పుతారు, పదునైన ముక్కు కింద ఉన్న గట్టి గుడ్డ జేబులోకి వెళ్తుంది, పిడి పైన సాగే తాడుతో కడతారు. గ్లవ్స్ తో ఐదు సెకండ్ల పని. మీ దగ్గర ఏ టూల్ ఉంటే అది తీసుకెళ్ళి తగిలించి, బ్యాగ్ ని తలకిందులు చేసి ఊపండి. కింద ఎవరూ లేకుండా చూసుకుని :)

క్రాంపాన్స్ ని బ్యాగ్ వెనక బయట కట్టుకునేలా ఉంటే చాలు. ప్రత్యేకంగా పాకెట్ కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. నేను అయితే పాత ప్లాస్టిక్ బియ్యం సంచి ముక్కలో చుట్టి లోపలే పడేస్తాను. విమానంలో వెళ్ళేటప్పుడు కూడా అదే చుట్ట. క్రాంపాన్స్, టూల్స్, స్క్రూలు చెక్-ఇన్ లోనే వెళ్ళాలి, క్యాబిన్ లోకి రానివ్వరు.

పైన ఉండే చిన్న లూప్

ఎవరూ రివ్యూ చేయని పార్ట్ ఇది. బ్యాగ్ మెడ దగ్గర, చేత్తో పట్టుకునే లూప్. స్కూల్ బ్యాగ్ కి అది మేకుకి తగిలించటానికి. ఇక్కడ దాని పని వేరు. మధ్యలో తాడు ఆపే చోట, అంటే బిలే దగ్గర, బ్యాగ్ విప్పి జాకెట్ తీసుకోవాలి. కాళ్ళ కింద చోటు ఉండదు. బ్యాగ్ ని ఆ లూప్ తో క్యారబీనర్ లో వేసి ఐస్ స్క్రూకి వేలాడదీస్తారు. ఆ ఒక్క కుట్టు మీద మీ డౌన్ జాకెట్, రెండో జత గ్లవ్స్, హెడ్ ల్యాంప్, వేడి నీళ్ళు అన్నీ వేలాడుతుంటాయి.

జనవరిలో సాయంత్రం నాలుగు అయ్యేసరికి లోయలో ఎండ పోతుంది. టెంపరేచర్ మైనస్ 20 దగ్గరకి వెళ్తుంది. అప్పుడు ఆ బ్యాగ్ కిందకి జారిపోయిందంటే, చీకట్లో, తడి గ్లవ్స్ తో, లైట్ లేకుండా తాడు మీద దిగాలి. వేళ్ళు పోగొట్టుకునేది ఇలాంటి సాయంత్రాల్లోనే. అందుకే లూప్ కుట్టు చూడండి. రెండు చివరలూ బ్యాగ్ లోపలి సీమ్ దాకా వెళ్ళి, అడ్డంగా దగ్గర దగ్గరగా చాలాసార్లు కుట్టి ఉండాలి. పైన గుడ్డ మీద ఒక్క గీత కుట్టుతో ఉంటే వద్దు. రంగు కూడా ముఖ్యమే. నల్ల బ్యాగ్ మీద నల్ల లూప్ చీకట్లో కనపడదు. ఎరుపు, పసుపు ఉంటే మంచిది. గ్లవ్ వేసుకున్న చేత్తో క్యారబీనర్ తగిలించగలిగేంత వెడల్పు ఉండాలి.

ఫ్రీజర్ టెస్ట్

మన సైట్ స్టైల్ లో ఒక టెస్ట్ లేకపోతే ఎలా! ఇంట్లో ఉన్న రెండు బ్యాగులు, ఒక మామూలు కాలేజ్ బ్యాగ్. జిప్పులు, బకిల్స్, తాడు బిగించే క్లిప్పులు నీళ్ళతో తడిపి, ఒక్కో రాత్రి ఒక్కోటి చొప్పున ఫ్రీజర్ లో కుక్కి పెట్టాను. ఇంటి ఫ్రీజర్ లు మైనస్ 18 దగ్గర ఉంటాయి, అంటే స్పితి రాత్రికి బాగా దగ్గర. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే విషయం.

ఉదయం బైక్ గ్లవ్స్ వేసుకుని తెరవబోయాను. జిప్పులు కదలలేదు, పళ్ళ మధ్య నీళ్ళు గడ్డకట్టి ఒకే ముక్క అయిపోయాయి. చిన్న ప్లాస్టిక్ బకిల్స్ నొక్కటానికి వేలికి అందలేదు, వెడల్పు బకిల్స్ రెండో ప్రయత్నంలో తెరుచుకున్నాయి. తాడు క్లిప్ లోపలి స్ప్రింగ్ బిగుసుకుపోయింది, దాన్ని గట్టిగా నేలకి కొడితే వదిలింది. బాగా పని చేసింది రెండే. మెటల్ హుక్ తో ఉండే మూత, చుట్టలా చుట్టి కట్టే రోల్-టాప్. ఇది ల్యాబ్ టెస్ట్ కాదు, కాని ఖర్చు లేనిది, కొన్న వారంలో రిటర్న్ పీరియడ్ అయిపోకముందే మీరూ చేసుకోవచ్చు.

ఇక్కడే నీళ్ళ సంగతి కూడా చెప్పేస్తాను. హైడ్రేషన్ పైప్ కోసం రంధ్రం ఉంది అని ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టకండి. ఆ పైప్ మొదటి అరగంటలో గడ్డకడుతుంది. వెడల్పు మూతి బాటిల్ లో వేడి నీళ్ళు పోసి, బ్యాగ్ లోపల తలకిందులుగా పెట్టండి. ఐస్ పై భాగంలో ముందు కడుతుంది కాబట్టి మూత వైపు కరిగే ఉంటుంది.

డెనియర్ అంటే

స్పెక్ షీట్ లో 210, 420, 840 అని కనిపించే నంబర్ డెనియర్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. అంటే అది దారం మందం మాత్రమే, క్వాలిటీ కాదు. 210 డెనియర్ మంచి నైలాన్, 600 డెనియర్ చవక పాలిస్టర్ కంటే ఎక్కువ రోజులు బతకొచ్చు. ఐస్ బ్యాగ్ ని పాడు చేసేది ఐస్ కాదు. రాయికి రాసుకోవటం, క్రాంపాన్ ముళ్ళు, స్క్రూ పళ్ళు. కాబట్టి అడుగు, వెనక భాగం మందం గుడ్డ, మిగతాది పలచన ఉంటే తెలివైన డిజైన్. డైనీమా అని ప్రీమియం మెటీరియల్ ఒకటి ఉంది. నీళ్ళ కంటే తేలిక, నీళ్ళు పీల్చదు, బరువుకి తగ్గ బలం చాలా ఎక్కువ. కాని పలచని డైనీమా షీట్ కి ముల్లు గుచ్చుకుంటే రంధ్రం పడుతుంది. నైలాన్ తడిస్తే నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, రాత్రికి రేకులా గట్టిపడుతుంది. అయినా నా ఓటు మందం అడుగు ఉన్న నైలాన్ కే. కుట్టుకోవటం తేలిక, ధర తక్కువ.

గాడ్జెట్స్ ఎక్కడ పెట్టాలి?

ఐఫోన్ వాడకానికి ఆపిల్ చెప్పే టెంపరేచర్ 0 నుండి 35 డిగ్రీలు. మైనస్ 15 లో బ్యాటరీ 60 శాతం చూపిస్తూనే ఆఫ్ అయిపోవటం మామూలే. బ్యాగ్ పై మూత పాకెట్ అన్నిటికన్నా చల్లని చోటు, అక్కడ ఫోన్, పవర్ బ్యాంక్ పెట్టకండి. ఇంకోటి, చల్లగా ఉన్న లిథియం బ్యాటరీని సున్నా కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. ముందు ఒంటికి దగ్గరగా పెట్టి వెచ్చబరచండి, తరువాత కేబుల్. ఇప్పుడు మా వాడి బ్యాగ్ లో ఉన్న యూఎస్‌బీ పోర్ట్ ఎంత పనికొస్తుందో మీరే చెప్పండి.

వెచ్చగా ఉండాలంటే ఛాతీ జేబు కదా? అక్కడే ఒక చిక్కు ఉంది. జలపాతాలు ఏర్పడే గల్లీల్లోనే హిమపాతాలు, అంటే అవలాంచ్ లు దిగుతాయి. అలాంటి చోట ఒంటికి అవలాంచ్ ట్రాన్సీవర్ కట్టుకుంటారు. అది 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతుంది, మంచులో కూరుకుపోయిన వాళ్ళని ఆ సిగ్నల్ తోనే వెతుకుతారు. ఫోన్, యాక్షన్ కెమెరా, హీటెడ్ గ్లవ్స్, అయస్కాంతం క్లిప్పులు దాన్ని డిస్టర్బ్ చేస్తాయి. రూల్ ఏంటంటే, సిగ్నల్ పంపేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం. ట్రాన్సీవర్ ఛాతీ మీద ఉంటుంది కాబట్టి, ఫోన్ ఫ్లైట్ మోడ్ లో ప్యాంట్ తొడ జేబులో పెట్టండి. అక్కడా వెచ్చగానే ఉంటుంది. కొన్ని బ్యాగుల ఛాతీ పట్టీకి, పైప్ హోల్డర్ కి అయస్కాంతం బకిల్ ఉంటుంది. చూడటానికి సూపర్, ఈ పనికి వద్దు.

శాటిలైట్ మెసెంజర్ బ్యాగ్ పట్టీకి తగిలించిన ఫోటోలు యూట్యూబ్ లో చూసి ఆర్డర్ పెట్టేవాళ్ళకి ఒక మాట. ఇండియాలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ కాని, మెసెంజర్ కాని దగ్గర పెట్టుకోవటం చట్ట విరుద్ధం. ఎయిర్‌పోర్ట్ స్కాన్ లో దొరికి కేసులు అయిన వాళ్ళు ఉన్నారు. విదేశాల నుండి వచ్చే ఫ్రెండ్స్ కి కూడా ముందే చెప్పండి.

ఏది కొనాలి?

మొదటి సలహా, ఇంకా బేసిక్ కోర్స్ చేయకపోతే ఏదీ కొనకండి. ఉత్తరకాశీ లోని నిమ్, డార్జిలింగ్ లోని హెచ్ఎంఐ లాంటి ఇన్స్టిట్యూట్లు ట్రైనీలకి రక్‌సాక్ తో సహా సామాన్లు ఇస్తాయి. ఆ బరువు మోసి వచ్చాక మీకు ఏం అక్కర్లేదో మీకే తెలుస్తుంది.

తరువాత, బ్లాక్ డైమండ్ స్పీడ్ సిరీస్ మూత, ఫ్రేమ్, బెల్ట్ అన్నీ ఊడదీసుకునే ఐడియాకి మంచి ఉదాహరణ. హైపర్‌లైట్ మౌంటెన్ గేర్ వాళ్ళ ఐస్ ప్యాక్ తెల్లటి డైనీమాతో, రోల్-టాప్ తో వస్తుంది. చాలా తేలిక, కాని కస్టమ్స్ తో కలిపి మంచి మిడ్ రేంజ్ ఫోన్ ధర పడుతుంది. ఆస్ప్రే మ్యూటెంట్ కొంచెం బరువు, కాని నడకలో హాయి. మన దగ్గర చేతికి అందేది డెకథ్లాన్ లో దొరికే సిమాండ్ బ్రాండ్. ఫ్రాన్స్ లో ఆల్ప్స్ కింద షామొనీ ఊరిది, 2008లో డెకథ్లాన్ కొనేసింది. హైదరాబాద్ స్టోర్లలో ట్రెకింగ్ బ్యాగులే ఎక్కువ కనిపిస్తాయి, ఆల్పినిజం మోడల్స్ కోసం ఆన్‌లైన్ లో చూసి తెప్పించుకోవాలి. నేను వాడుతున్నది పేరున్న బ్రాండ్ కూడా కాదు, ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్ లో కొన్న 35 లీటర్లది. మూత ఊడుతుంది, పై లూప్ గట్టిది. రంగు బాగోదు.

మా వాడు 70 లీటర్లది క్యాన్సిల్ చేసి 38 లీటర్లది తెప్పించుకున్నాడు. హెల్మెట్ టెస్ట్ వీడియో పంపాడు, మూత తగల్లేదు. పట్టీల తోకలు మరీ పొడుగ్గా ఉన్నాయి, కత్తిరించేస్తాను అంటున్నాడు. ఒక సీజన్ అయ్యేదాకా ఆగమన్నాను, డౌన్ జాకెట్ మీద వేసుకుంటే ఆ పొడుగు కావాలి. అప్పటిదాకా చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసుకుంటే తాడు మీద దిగేటప్పుడు బిలే డివైస్ లో ఇరుక్కోవు.

ఒకటి మిగిలింది, ఇంట్లో దాచటం. ఈ బ్యాగులకి లోపల వాటర్ ప్రూఫ్ గా వేసే పాలీయురెథేన్ పూత వేడికి, తేమకి పాడవుతుంది. జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది, పాత బూట్ల అడుగు ఊడినట్టు. స్పితిలో వారం రోజులు వాడిన బ్యాగ్, విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ళో అటక మీద పది నెలలు పడుంటే అక్కడే ఎక్కువ పాడవుతుంది. తిరిగొచ్చాక మామూలు నీళ్ళతో కడిగి, ఎండలో కాదు, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, పట్టీలన్నీ వదులు చేసి, ఫ్యాన్ గాలి తగిలే గదిలో వేలాడదీయండి. ఫోన్ బాక్సుల్లో, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు పారేయకుండా ఓ నాలుగు లోపల వేయండి. ప్లాస్టిక్ కవర్ లో మాత్రం చుట్టి పెట్టకండి.